పంకా లేని పడవ



మిర్చికి నీళ్లు పెట్టే రోజుల్లో భద్రాచలం దగ్గరి సారపాక, బూర్గంపాడు చుట్టుపక్కల ఏటి ఒడ్డున నిలబడి చూస్తే ఒక దృశ్యం కనిపిస్తుంది. రైతు ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పుతాడు. ఇంజన్ నాలుగుసార్లు దగ్గి అందుకుంటుంది. పైపులోంచి ముందు గాలి, తరవాత నురగ, ఆ వెనక నిండు ధార. ధార వచ్చిన ఆ క్షణంలోనే, కట్టకుండా వదిలేసిన రబ్బరు పైపు ఒక్క తన్ను తన్ని వెనక్కి పోతుంది. పక్కనున్న కుర్రాడు పరుగున వెళ్లి దాని మీద కాలు వేస్తాడు, లేదా ఒక రాయి పెడతాడు. పైపు తన్నిన ఆ తన్నే ఈ ప్రసంగానికి విషయం.

ఆ ఇంజన్‌ను, పంపును అలాగే ఎత్తి ఒక పడవలో బిగించారనుకుందాం. నీళ్లు పీల్చే గొట్టం పడవ అడుగున ఉంది. డెలివరీ పైపును వెనక్కి తిప్పి కట్టేశారు. ఇక పైపు కదలలేదు కాబట్టి ఆ తన్ను పడవకు తగులుతుంది. నీళ్లు వెనక్కి, పడవ ముందుకు. వాటర్ జెట్ అని పెద్ద పేరు పెట్టుకున్న యంత్రంలో ఇంతకు మించిన రహస్యం లేదు. పడవ కింద తిరిగే పంకా, అంటే ప్రొపెల్లర్, ఉండదు. ఇసుక తిన్నె తగిలితే విరిగేది లేదు, చేపల వల వచ్చి చుట్టుకునేది లేదు, ఈతగాడి కాలు తెగేదీ లేదు.

ఈ యంత్రానికి బొమ్మ రూపం ఒకటి ఉంది. శ్రీరామనవమికో ముక్కోటికో గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్లే సారపాక పిల్లల చేతుల్లో ఇప్పుడు బ్యాటరీ బొమ్మలే ఎక్కువ. ఒకప్పుడు తెలుగునాట తిరునాళ్ల దుకాణాల్లో వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, అందులో గుండ్రంగా తిరుగుతూ టకటకలాడే రేకు పడవను పెట్టేవాళ్లు. బేరం జరిగేది ఆ చప్పుడుతోనే. అమ్మేవాడు అరవనక్కర్లేదు. ఇప్పటికీ వెతికితే అక్కడక్కడా దొరుకుతుంది.

ఆ పడవ పైకప్పు తీసి చూస్తే నిరాశే. చక్రం లేదు, స్ప్రింగు లేదు, తిరిగే వస్తువు ఒక్కటీ లేదు. అగ్గిపెట్టెకన్నా చిన్న రేకు డబ్బా, దానికి పైన పలుచటి రేకు మూత, దాన్నుంచి పడవ వెనక్కి, నీటి అడుగుకు పోయే రెండు సన్నని గొట్టాలు. డబ్బా కింద నూనెలో తడిపిన వత్తి. అంతే. డబ్బాలో కాసిన్ని నీళ్లు వేడెక్కి ఆవిరి అవుతాయి. ఆవిరి గొట్టాల్లోని నీటిని వెనక్కి చిమ్ముతుంది. చిమ్మగానే ఆవిరి చల్లటి గొట్టంలోకి సాగి, అక్కడ మళ్లీ నీరైపోతుంది. నీరైపోయిన చోట ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి బయటి నీరు ఎగబాకుతుంది. అది వేడి డబ్బాను తాకగానే మళ్లీ ఆవిరి. ఇదంతా సెకనుకు అనేకసార్లు జరుగుతుంది. మూత రేకు ఆ ఒత్తిడికి పైకి ఉబ్బి, కిందికి సొట్టపడి, టకటక మంటుంది.

ఇక్కడ తెలివైన పిల్లవాడు ఒక ప్రశ్న అడుగుతాడు. వెనక్కి చిమ్మినప్పుడు ముందుకు పోయిన పడవ, అదే గొట్టంతో నీళ్లు పీల్చినప్పుడు వెనక్కి రావాలి కదా? ముందుకు ఎంతో వెనక్కీ అంతే అయితే పడవ ఉన్నచోటే ఊగుతూ ఉండాలి. జవాబు ఇంట్లోనే ఉంది. మూరెడు దూరంలో ఉన్న దీపాన్ని ఊది ఆర్పవచ్చు. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పమంటే ఎవరివల్లా కాదు. ఊదిన గాలి ఒకే ధారగా పోతుంది. పీల్చిన గాలి నోటి చుట్టూ అన్ని వైపుల నుంచీ మెల్లగా వస్తుంది. పడవ గొట్టం దగ్గరా అదే. పైగా లోపలికి పరుగెత్తి వచ్చిన నీరు పడవలోనే ఆగుతుంది, ఆగుతూ తన ఊపును పడవకే అప్పగిస్తుంది. చిమ్మిన నీరు మాత్రం తన ఊపుతో సహా వెళ్లిపోతుంది. జమాఖర్చు తేలేసరికి ముందడుగే మిగులుతుంది.

ఈ బొమ్మకు 1891లో ఇంగ్లండులో పేటెంటు అడిగినవాడు టామస్ పియో అనే ఫ్రెంచి పేరున్న మనిషి. టకటక మనే రేకు మూత తరవాత వచ్చింది. అమెరికాలో చార్లెస్ మెక్‌హ్యూ 20వ శతాబ్దం రెండో దశకంలో దాన్ని తీర్చిదిద్ది, 1926 నాటికి ఎక్కువ సంఖ్యలో తయారు చేయడానికి వీలైన రూపం ఇచ్చాడు. జర్మనీ, జపాన్, భారతదేశం రేకు పడవలను దండిగా తయారు చేశాయి. జపాన్ దర్శకుడు మియజాకి 2008లో తీసిన ‘పోన్యో’ చిత్రంలో ఇద్దరు పిల్లలు ఎక్కి వెళ్లేది ఇలాంటి బొమ్మ పడవే, మంత్రంతో పెద్దదైనది. కొవ్వొత్తి వెలిగించి, నీళ్లు పోసి, ఇంజన్ అందుకునేదాకా వేచి చూసే ఆ సన్నివేశంలో దర్శకుడు ఒక్క మెట్టు కూడా వదలలేదు. బొమ్మను ఎరిగినవాడు తీసిన సినిమా అది.

ఆవిరి అన్న మాట సారపాకకు కొత్తది కాదు. 1975లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో సంస్థ ఏర్పడి, 1979లో ఉత్పత్తి మొదలైన కాగితం మిల్లు ఈ ఊరిని పల్లె నుంచి పట్టణం చేసింది. తడి కాగితాన్ని ఆరబెట్టేది ఆవిరితో వేడెక్కే పెద్ద పెద్ద ఇనుప సిలిండర్లే. మిల్లు బాయిలర్‌లో పనిచేసే తండ్రికి, పళ్లెంలో రేకు పడవ తిప్పే కొడుక్కి మాట్లాడుకోవడానికి ఒక విషయం ఎప్పుడూ ఉంటుంది. ఇద్దరి యంత్రాల్లోనూ ఆవిరి మళ్లీ నీరవుతుంది. పెద్దదానిలో ఆ నీటిని పట్టి బాయిలర్‌కు తిరిగి పంపుతారు. చిన్నదానిలో అది తనంతట తానే పోతుంది.

బొమ్మను పక్కన పెట్టి పెద్ద పడవల సంగతికి వస్తే, జెట్ చరిత్ర ప్రొపెల్లర్ చరిత్రకన్నా వెనకటిది. స్విస్ శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ నీటి ధారతో ఓడ నడపవచ్చునని 1738 నాటి తన గ్రంథంలో లెక్కగట్టాడు. అమెరికాలో జేమ్స్ రంసీ 1787 డిసెంబరులో పొటోమాక్ నది మీద, ఆవిరి పంపుతో నీళ్లు వెనక్కి తోసే పడవను జనం ముందు నడిపించాడు. 1866లో బ్రిటిష్ నౌకాదళం ‘వాటర్‌విచ్’ అనే యుద్ధనౌకను దించింది. దాని కడుపులో ఉన్నది, పేరు పెద్దదేగాని, మన పొలం పంపుకు తాతే. పక్కన నిలబెట్టిన ప్రొపెల్లర్ నౌకతో ఇంచుమించు సమానంగా, 9 నాట్ల వేగంతో నడిచింది. అయినా నౌకాదళం రెండోదాన్ని కట్టలేదు.

ఎందుకు కట్టలేదో తెలుసుకోవడానికి చిన్న లెక్క చాలు. పడవ సెకనుకు 2 మీటర్లు పోతోంది. ధార పడవ నుంచి సెకనుకు 6 మీటర్ల వేగంతో చిమ్ముతోంది. ఇంజన్ నీటికి ఇచ్చిన శక్తిలో పడవకు దక్కేది సగమే. మిగతా సగం వెనక నురగగా పోతుంది. అదే ధార వేగాన్ని 3 మీటర్లకు తగ్గించి, ఎక్కువ నీటిని తోస్తే 80 శాతం దక్కుతుంది. సన్నని ధారను గట్టిగా చిమ్మడం కన్నా, లావుపాటి ధారను నెమ్మదిగా నెట్టడం లాభం. ప్రొపెల్లర్ చేసేది సరిగ్గా ఆ రెండో పని. అందుకే నెమ్మదిగా పోయే పెద్ద ఓడకు ప్రొపెల్లరే మేలు. పడవ వేగం పెరిగి ధార వేగానికి దగ్గరైన కొద్దీ జెట్ లాభసాటి అవుతుంది. లేదా, ప్రొపెల్లర్ దించడానికే లోతు లేని నీళ్లలో జెట్ తప్ప దారి ఉండదు.

లోతు లేని నీళ్లంటే గోదావరి గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు ఎత్తున పారిన ఈ నదే, వేసవిలో ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా చీలి పిల్లకాలువలా మారుతుంది. దీని మీద పడవ నడపాలని ఆర్థర్ కాటన్ కాలంలోనే గట్టి ప్రయత్నం జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక, ఎగువ గోదావరిని నౌకామార్గం చేసి, నాగపూరు వైపు పత్తిని నీటి మీదుగానే సముద్రానికి తేవాలన్నది ఆలోచన. దారిలో రాళ్ల మెట్టలు మూడు: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెంలో ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో ఆనకట్ట, పడవల కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరిగింది, రైలు వచ్చింది. 1871లో ప్రభుత్వం పని ఆపేయమంది. వాటర్‌విచ్ బ్రిటన్‌లో ఈదుతున్న ఆ సంవత్సరాల్లోనే దుమ్ముగూడెంలో రాళ్లు పగలగొడుతున్నారన్నమాట. నదిని పడవకు తగ్గట్టు మార్చడానికి ఎంతో డబ్బు ఖర్చయిందిగాని, పడవను నదికి తగ్గట్టు మార్చే పని ఆ రోజుల్లో నెరవేరలేదు. నాటి ఆవిరి యంత్రాల బరువుకు అది సాగేది కాదులెండి.

ఆ పని చేసినవాడు న్యూజిలాండు గొర్రెల రైతు బిల్ హామిల్టన్. ఆయన ఊరి నదులకూ వేసవి గోదావరికీ పోలిక ఉంది. గులకరాళ్ల మీద జడపాయల్లా చీలి పారే నీళ్లు, మోకాలు లోతు కూడా ఉండవు. ప్రొపెల్లర్ పెడితే మొదటి రాయికే సరి. 1950ల మొదట్లో ఆయన అమెరికా తయారీ జెట్ ఒకటి పరిశీలించాడు. అది ధారను పడవ అడుగున, నీటిలోకే చిమ్మేది. హామిల్టన్ చేసిన మార్పు వింటే ఇంతేనా అనిపిస్తుంది. చిమ్మే మూతిని పడవ వెనక గోడకు, నీటి మట్టానికి పైన పెట్టాడు. అడుగున వేలాడే గొట్టం పోయింది, నీటిలో ఈడ్చే బరువూ పోయింది, వేగం పెరిగింది. ఈ ఘనత ఆర్కిమెడీస్‌ది, నాది కాదని ఆయన చమత్కరించేవాడు. 1960లో ఆయన పడవలు అమెరికాలోని కొలరాడో నదికి ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్‌ను దాటాయి.

ఆ పడవలు మన దేశానికీ వచ్చాయి. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1977లో మూడు జెట్ పడవలతో బంగాళాఖాతం దగ్గర గంగాసాగర్ నుంచి బయలుదేరి, గంగ ప్రవాహానికి ఎదురుగా హిమాలయాల్లోకి వెళ్లాడు. పడవ నడిపినవాళ్లలో హామిల్టన్ కొడుకు జాన్ ఉన్నాడు. ఇసుక మేటలను, బండరాళ్ల మధ్య సుడులను దాటుకుంటూ నందప్రయాగ దగ్గరికి చేరాక, ఒక జలపాతం దారి ఆపింది. సముద్రం నుంచి అంతవరకూ ప్రొపెల్లర్ లేకుండానే.

ఇక బొమ్మ పడవల్లో ఇంజన్ల మాట. రేకు పడవ తిరునాళ్లది. పెద్దవాళ్లు ముద్దుగా చేసుకునే నమూనా పడవలకు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అసలైన చిన్న ఇంజన్లు విరివిగా వచ్చాయి. బ్రిటన్‌లో మిల్స్, ఇ.డి. కంపెనీల చిన్న డీజిళ్లు, అమెరికాలో కాక్స్ కంపెనీ ఇంజన్లు ఆ రోజుల్లో పేరుమోసినవి. కాక్స్ వాళ్ల ప్రసిద్ధ ఇంజన్ సిలిండరు ఒక సి.సి. కూడా ఉండదు, మోటారు సైకిల్‌ది 100 సి.సి. ఉంటే దీనిది 0.8. మన దేశంలో కలకత్తా నుంచి అరోరా ఇంజన్లు వచ్చేవి. ఎన్.సి.సి.లో విమాన నమూనాలు ఎగరేసిన పాతతరం క్యాడెట్లకు ఆ పేరు తెలుసు. నౌకాదళ విభాగం క్యాడెట్లకు నేటికీ ఓడ నమూనాల పోటీ ఉంది.

ఈ ఇంజన్ల ఇంధనంలో మన ఊరి సరుకు ఒకటుంది. చిన్న డీజిల్‌కు పోసేది బంకు డీజిల్ కాదు. ఈథరు, కిరోసిను, ఆముదం, మూడూ ఇంచుమించు సమపాళ్లలో. ఈథరు తక్కువ వేడికే అంటుకుంటుంది, కిరోసిను శక్తి ఇస్తుంది, ఆముదం పిస్టన్‌ను కాపాడుతుంది. డీజిళ్లు కాని రెండో రకం చిన్న ఇంజన్లు మిథనాల్‌తో నడుస్తాయి, అందులోనూ ఆముదం కలుపుతారు. మామూలు ఇంజన్ ఆయిల్ మిథనాల్‌లో కలవదు, ఆముదం ఇట్టే కలుస్తుంది. ఎంత వేడెక్కినా లోహాన్ని వదలదు. క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరులోంచి వచ్చిందే. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పండిన ఆముదం గింజకు ఇంత దూరపు చుట్టరికం ఉందని ఆ రైతులకు ఎవరూ చెప్పి ఉండరు.

పడవకు పెట్టే ఇంజన్ విమానానికి పెట్టేదానిలా ఉండదు. విమానంలో గాలి కొట్టి సిలిండరు చల్లబడుతుంది. పడవ పొట్టలో గాలి ఏది? అందుకే సిలిండరు చుట్టూ నీటి జాకెట్టు వేస్తారు. ముందు తిప్పడానికి పంకా ఉండదు కాబట్టి బరువైన ఇత్తడి చక్రం బిగించి, దాని గాడిలో తాడు చుట్టి లాగుతారు. కవ్వం తాడు లాగే చేతికి ఆ పని వెంటనే పట్టుబడుతుంది. దీనికి జెట్ తగిలిస్తే ఇంకో సౌకర్యం: చిమ్మే నీటిలోంచే సన్నని గొట్టంతో కాస్త మళ్లించి జాకెట్టులోకి పంపవచ్చు. ఇంజన్ వేగం పెరిగితే చల్లదనమూ పెరుగుతుంది.

నమూనా జెట్ లోపల మూడు భాగాలు. గొట్టంలో తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్), దాని వెనక కదలని రెక్కలు, చివర సన్నబడే మూతి. ఇంపెల్లర్ నీటిని తోయడమే కాక సుడి తిప్పుతుంది. సుడి వల్ల పడవకు లాభం లేదు, కాబట్టి కదలని రెక్కలు దాన్ని తిన్నగా చేస్తాయి. పాతకాలపు ఔత్సాహికులు వీటిని ఇత్తడితో లేతు మీద తిప్పుకున్నారు. కష్టం అంతా ఒక్క చోటే. ఇంపెల్లర్ అంచుకూ గొట్టం గోడకూ మధ్య కాగితం మందం ఖాళీ ఉండాలి. ఎక్కువైతే నీరు వెనక్కి జారిపోతుంది, తక్కువైతే ఇసుక రేణువు ఇరుక్కుని పట్టేస్తుంది. బోరు మోటార్ల ఇంపెల్లర్లు మార్చే మెకానిక్కుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. పాత నమూనా జెట్లు ఇప్పుడు సేకరించేవాళ్ల అల్మారాల్లో కనిపించడానికి కారణం వాటి అందం కొంత, అవి చెరువు నాచుకు ఓడిపోవడం కొంత. పీల్చే నోటికి నాచు అడ్డుపడితే ఎంత మంచి జెట్టూ మూలనపడాల్సిందే.

అలా దశాబ్దాలు మూలపడ్డ పాత నమూనా ఇంజన్ చేతికి వస్తే చాలామంది చేసే తప్పు దాన్ని సుత్తితో కొట్టి విప్పడం. పిస్టన్ బిగిసింది తుప్పు వల్ల కాకపోవచ్చు. పాత ఆముదం జిగురై గట్టిపడి ఉంటుంది. మెల్లగా వేడి చేసి, పలుచటి నూనె చుక్కలు వేసి, ఓపిగ్గా తిప్పితే వదులుతుంది.

నమూనా పడవ పెద్దవాళ్ల ఆట మాత్రమే అనుకుంటే విశాఖపట్నం వెళ్లాలి. అక్కడి నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవున్న నీటి తొట్టి ఉంది. అసలు ఓడ కట్టకముందు దాని నమూనాను ఆ నీటిలో ఈడ్చి కొలుస్తారు. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ 1870లలో చూపించిన లెక్క ప్రకారం, ఓడలో 25వ వంతు పొడవున్న నమూనాను 5వ వంతు వేగంతో ఈడిస్తే అలలు ఒకే తీరులో లేస్తాయి. అదే నగరంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన తీర రక్షక నౌక ‘రాణి అబ్బక్క’ 2012లో దళంలో చేరింది. దాదాపు 50 మీటర్ల పొడవు, 34 నాట్ల వేగం, వెనక ప్రొపెల్లర్లు లేవు, వాటర్ జెట్లే. 1866లో బ్రిటిష్ నౌకాదళం కట్టి చూసి, ఆపై వద్దనుకున్న యంత్రం, వేగం పెరిగేసరికి ఇలా తిరిగివచ్చింది. ఫ్రౌడ్ లెక్కన ఆ ఓడ 2 మీటర్ల నమూనా చెరువులో 7 నాట్ల లోపు వేగంతో పోతే అచ్చం అసలుదానిలాగే అలలు లేపుతుంది. నమూనాలు చేసేవాళ్లు వాటిని బాణంలా ఉరికించి చూపిస్తారు, అది తప్పు.

ఇంజన్లు, జెట్లు కొనడం అందరికీ కుదరదు. రేకు పడవ కుదురుతుంది. ఈసారి ఏ తిరునాళ్లలోనైనా కనిపిస్తే బేరమాడకుండా కొనండి. ఇంటికి తెచ్చాక పెద్దవాళ్లు దగ్గర ఉండగానే వత్తి వెలిగించనివ్వండి. దానికి రెండు గొట్టాలు ఎందుకని పిల్లలు అడుగుతారు. ఒకదాంట్లోంచి నీళ్లు పోస్తే లోపలి గాలి రెండోదాంట్లోంచి పోవడానికి. నీళ్లు రెండో గొట్టంలోంచి కారేదాకా పోయాలి, ఆ తరవాతే దీపం. డబ్బా ఖాళీగా ఉండగా వెలిగిస్తే పడవ కదలదు, టంకం కరిగి గొట్టాలు ఊడిపోతాయి.